ఎఫీకి చెప్పొద్దు

గ్లాస్గో
14 జనవరి 1998

ఎఫీ వదినకు,

తుఫాను సంగతి రేడియోలో విన్నాను. మీ ఇంటి సంగతి మాత్రం టార్క్విల్ రాస్తేనే తెలిసింది. కప్పు మీది పలకరాళ్ళు సగం సముద్రంలోకి, సగం పాస్టరు గారి క్యాబేజీ మడిలోకి ఎగిరిపోయాయట. పడకగదిలో నాలుగు బకెట్లు పెట్టుకుని, వాటి మధ్య పడుకుంటున్నావట. ఇవన్నీ నువ్వు రాస్తావా? రాయవు. క్రిస్మస్ ఉత్తరంలో "ఇక్కడ కాస్త చలిగా ఉంది" అని మాత్రం రాశావు.

ఊళ్ళో మగవాళ్ళు కలిసి కప్పు వేస్తామని వస్తే, టీ ఇచ్చి పంపేశావట కూడాను. "మీ పనులు మానుకుని నా కోసం ఎందుకయ్యా" అన్నావట. వదినా, నీకు పెట్టడం వచ్చు గాని పుచ్చుకోవడం రాదు. ఈ మాట మా అన్నయ్య కూడా అనేవాడు.

సరే, నాకొక పని చేసిపెట్టు. మా అమ్మ ఓట్స్ రొట్టెలు కాల్చుకునే ఇనప పెనం ఒకటుండాలి. వెనక కొట్టంలో, పాత ఓట్స్ గింజల పెట్టె అడుగున ఉంటుందని నా జ్ఞాపకం. ఊక మొత్తం తీసి అడుగుదాకా వెతుకు. పైపైన చూసి లేదనకు.

నీ ఆడపడుచు
రోనా

ద్రుమ్‌నావ్, ఐలే ద్వీపం
25 జనవరి 1998

ప్రియమైన రోనాకు,

ప్రభువు దయవల్ల క్షేమం. బకెట్లు నాలుగు కాదు, మూడే. టార్క్విల్ అన్నీ పెంచి చెబుతాడు. తనను పెళ్ళాడమని నిన్ను మూడుసార్లు అడిగి, ఊరందరికీ ఐదుసార్లు అడిగానని చెప్పుకున్న మనిషి కదా.

పెనం కోసం వెతికాను. లేదు. నీకు రొట్టెలు కాల్చాలని బుద్ధి పుట్టినందుకే నేను ఆశ్చర్యపోయాను, పెనం దొరకనందుకు కాదు. పెట్టె అడుగున పెనానికి బదులు ఒక సీసా ఉంది. ఊకలో నిటారుగా నిలబెట్టి, చుట్టూ మీ అన్నయ్య చేపల వేటకు వేసుకునే పాత చొక్కా చుట్టి ఉంది. విస్కీ. మూత మీద ఎర్రలక్క పోసిన తీరు చూస్తే ఎన్నడూ తెరిచినట్టు లేదు. అచ్చు కాగితమేమీ లేదు. చిన్న తెల్లకాగితం మీద సిరాతో "ద్రుమ్‌నావ్ బట్టీ, 31 మే 1983" అని ఉంది. అది మన ఊరి విస్కీ బట్టీ మూసేసిన రోజు.

ఎంతసేపు ఆ ఊకలో మోకాళ్ళ మీద కూర్చున్నానో తెలియదు. నా సంగతి నీకు తెలుసు. మా నాన్న అదే బట్టీలో పనిచేస్తూ, పంట్లాము లోపల రాగి గొట్టం దాచుకుని, దాన్నిండా దొంగ విస్కీ ఇంటికి తెచ్చుకునేవాడు. ఆ గొట్టం ఖాళీ అయ్యాక అమ్మ పడే పాట్లు చూస్తూ పెరిగాను. అందుకే పెళ్ళికి ముందు మీ అన్నయ్యను ఒక్కటే అడిగాను: ఇంట్లోకి ఆ చుక్క రాకూడదని. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాట తప్పలేదు. మరి ఈ సీసా ఏమిటి?

పారబోద్దామనే అనుకున్నాను. ఇంతలో మేస్త్రీ వచ్చి కప్పు చూసి, రెండు వేల పౌండ్లు దాటుతుందని, వచ్చే చలికాలం దాకా ఈ దూలాలు ఆగవని చెప్పి వెళ్ళాడు. కప్పు వేయించలేకపోతే బౌమోర్‌లో ముసలివాళ్ళ గదుల్లో ఒకటి ఇప్పిస్తామని కౌన్సిలు వాళ్ళు అన్నారు. నాకింకా యాభై నిండలేదు, రోనా.

నువ్వు వేలంశాలలో టీలు అందిస్తావు కదా. అక్కడ పెద్దవాళ్ళెవరినైనా అడిగి, ఇలాంటి పాత సీసాకు ఏమైనా విలువ ఉంటుందేమో కనుక్కుంటావా? తొందరేమీ లేదు. ఇబ్బందైతే వద్దు.

ప్రేమతో
ఎఫీ

గ్లాస్గో
3 ఫిబ్రవరి 1998

వదినా,

ఇంట్లోకి తేనన్నాడు గాని, కొట్టంలోకి తేనన్నాడా? మా అన్నయ్య మాట తప్పే మనిషి కాదు, మాటను కొలిచి వాడే మనిషి.

విస్కీ సంగతులు చూసే పెట్‌గ్రూ గారికి టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువేసి, పక్కన జీడిపప్పు కేకు పెట్టి, నీ సీసా సంగతి కదిలించాను. కప్పు కింద పెట్టేసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడంటే విషయం ఉన్నట్టే.

"పడుకోబెట్టి ఉంచారా, నిలబెట్టా?" అన్నాడు.

"నిలబెట్టే" అన్నాను.

"దేవుడి దయ. పడుకోబెడితే విస్కీ బిరడాను తినేస్తుంది. సరుకు ఎందాకా ఉంది?"

"మెడ దాకా ఉండొచ్చు" అన్నాను. అన్నాక భయం వేసింది. నువ్వు రాయని సంగతి నేను చెప్పేశాను కదా! కాస్త చూసి రాయి, మెడ దాకా ఉంటే బాగుంటుంది.

ఇక అసలు మాట. ద్రుమ్‌నావ్ బట్టీ మూతపడింది కనక, అక్కడి సరుకు మళ్ళీ పుట్టదు. మూసేసిన రోజునే నింపిన సీసా అని రుజువుంటే రెండు వేల పౌండ్ల పైన పలుకుతుందట. రుజువు లేకపోతే, "ఎవరో ముసలమ్మ కొట్టంలో దొరికిన, చేతిరాత సీసా. నూట యాభై" అన్నాడు. ముసలమ్మ అన్నందుకు కేకు వెనక్కి తీసుకున్నాను.

కాబట్టి ఎవరు నింపారో, అన్నయ్య చేతికి ఎలా వచ్చిందో కనుక్కో. నీ కప్పు నీ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది వదినా. ఈసారి టీ ఇచ్చి పంపేయకు.

రోనా

ద్రుమ్‌నావ్
10 ఫిబ్రవరి 1998

ప్రియమైన రోనాకు,

నా కోసం ఇంత శ్రమపడ్డావు. రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటున్నాను. సరుకు మెడ దాకానే ఉంది. నువ్వు అబద్ధం చెప్పలేదు, ముందుగా నిజం చెప్పావు.

అయితే కిందటి ఉత్తరంలో నేను ఒక సంగతి రాయలేదు. రాయడానికి మనసొప్పలేదు. సీసా మెడకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. ముందువైపు పెన్సిలుతో ఒక గీత బొమ్మ. పొడుగ్గా పెట్టెలా ఉంది. దానికి పైన ఒక అంకె, కింద ఒక అంకె, ఇటు మూడు, అటు మూడు. మొత్తం ఎనిమిది. ఒక్కో అంకె పక్కన ఒక్కో మనిషి పేరు. అందరూ మీ అన్నయ్యతో బట్టీలో పనిచేసినవాళ్ళే. టార్క్విల్ ఐదో అంకె. ఎనిమిదో అంకె ఎవరో తెలుసా? ఇన్నెస్ గారు. బట్టీలో చుక్క కూడా బయటికి పోకుండా కాపలా కాయడానికి సర్కారు పెట్టిన ఎక్సైజు అధికారి!

వెనకవైపు మీ అన్నయ్య చేతిరాత. ఆఖరి రోజుల్లో చెయ్యి ఎలా వణికేదో ఆ అక్షరాలూ అలాగే ఉన్నాయి. రెండే మాటలు రాశాడు. "వీళ్ళకే. ఎఫీకి చెప్పొద్దు."

నా దగ్గర దాచవలసిన సంగతి ఆయనకేముంటుంది, రోనా? చీటీకి నకలు గీసి పంపుతున్నాను. నీకేమైనా అర్థమవుతుందేమో చూడు.

ఎఫీ

గ్లాస్గో
14 ఫిబ్రవరి 1998

వదినా,

నీ బొమ్మ చూశాను. బట్టీ గోదాము బొమ్మ అయ్యుంటుంది, పీపాలు ఎక్కడెక్కడ పెట్టాలో గీసుకున్నట్టుంది. మగవాళ్ళు ఏ కాగితం దొరికితే దాని మీద గీస్తారు. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. ఎవరినీ అడగకు కూడా. ఇన్నెస్ గారి దగ్గర ఆనాటి పాత రసీదులేమైనా ఉన్నాయేమో నేనే ఉత్తరం రాసి కనుక్కుంటాను. నువ్వు సీసా జాగ్రత్తగా ఉంచు చాలు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను.

రోనా

ద్రుమ్‌నావ్
2 మార్చి 1998

రోనాకు,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు ఈ పాతికేళ్ళలో ఎప్పుడూ రాయలేదు. అది చదివాకే నా అనుమానం గట్టిపడింది.

గోదాము బొమ్మ అన్నావు. అదే నిజమనుకుంటాను. గోదాము, చుట్టూ ఎనిమిదిమంది మనుషులు, కాపలా కాయవలసినవాడు కూడా అందులో ఒకడు, ఆఖరి రోజు తేదీ, ఎఫీకి చెప్పొద్దని రాత. ఇది పంపకం కాగితం కాకపోతే మరేమిటి? మా నాన్న రాగి గొట్టాలు చూసి పెరిగినదాన్ని. నాకు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా ఒక్కసారి అడిగి చూద్దామని టార్క్విల్ దగ్గరికి వెళ్ళాను. రేవులో కూర్చుని రొయ్యల బుట్టలు అల్లుకుంటున్నాడు.

"ఏం వదినా, కప్పు వేయమని చెప్పడానికి వచ్చావా?" అన్నాడు నవ్వుతూ.

చీటీ చూపించాను. నవ్వు ఆగిపోయింది.

"ఈ పెట్టె ఏమిటి టార్క్విల్?"

"పెట్టె... పెట్టే వదినా."

"అయిదో అంకె దగ్గర నీ పేరుంది."

"ఉంటే ఉండనీ. అయిదు మంచి అంకే."

"నాకు చెప్పకూడదని మీరంతా ఒట్టు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాం" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఆ తరవాత ఎంత అడిగినా బుట్టలోంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

వస్తూ వస్తూ ఇన్నెస్ గారి గేటు దగ్గర ఆగాను. దొంగతనం అన్న మాట నా నోట రాలేదు. ఆయన అంత పెద్దమనిషి, అంత మర్యాదస్థుడు. "ఇన్నెస్ గారూ, ఆ రోజుల్లో బట్టీలోంచి లోపాయికారీగా ఏమైనా బయటికి పోయి ఉంటే, ఇప్పుడు ఎవరైనా అడుగుతారా?" అన్నాను.

"అమ్మా, ఎక్సైజు వాణ్ణి పట్టుకుని అలా అడక్కూడదు. అడిగితే సగం ఐలే జైల్లో ఉంటుంది. మిగతా సగం సాక్ష్యం చెబుతూ ఉంటుంది" అని నవ్వాడు. చీటీ తీసి చూపించేసరికి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన పాలు తాగడని ఊరంతటికీ తెలుసు.

రోనా, నీ అన్నయ్య పదకొండేళ్ళు సంఘపెద్దగా ఉన్నాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం ఆయన చేతిలోంచే నా చేతికి వచ్చేది. ఆ చెయ్యి ఇలాంటిదని నమ్మలేకపోతున్నాను, నమ్మకుండానూ ఉండలేకపోతున్నాను. ఆయన పోయిన రోజు కన్నా ఇప్పుడే ఈ ఇల్లు ఎక్కువ ఖాళీగా ఉంది. ఆ రోజు కనీసం ఆయన ఎవరో నాకు తెలుసు.

అందుకని ఇలా నిశ్చయించుకున్నాను. వచ్చే ఆదివారం మా సంఘంలో బల్ల ఉంది. నేను ఆ బల్లకు వెళ్ళను. మనసులో ఇది పెట్టుకుని రొట్టె అందుకోలేను. సోమవారం పొద్దుటి పడవలో సీసాను బట్టీ యజమానులకు పంపేస్తాను, ఎలా దొరికిందో ఉత్తరం రాసి జతచేస్తాను. తరవాత పాస్టరు గారికి కూడా చెబుతాను. బౌమోర్‌లో గది బాగానే ఉంటుందంటున్నారు. కిటికీలోంచి సముద్రం కనబడుతుందట.

నువ్వు చేసిన మేలు మరిచిపోను. నువ్వు బాధపడకు.

ఎఫీ

గ్లాస్గో
4 మార్చి 1998, బుధవారం

వదినా, వదినా,

ఈ ఉత్తరం చదివేదాకా సీసా మీద చెయ్యి వేయకు. ఫోను పెట్టించుకోమంటే పెట్టించుకోవు. ఇది శనివారం పడవకు అందాలని పోస్టాఫీసు వాడితో దెబ్బలాడి పంపుతున్నాను.

తప్పంతా నాది. గోదాము బొమ్మ అని నేనే అబద్ధం చెప్పాను. నాకు చూడగానే తెలిసింది. అన్నయ్య చెప్పొద్దన్న మాట చూసి నేనూ దాచాను, నీకేమో అదేమిటో తెలియదు. ఎలా తెలుస్తుంది? మన ద్వీపంలో ఆడవాళ్ళు సమాధుల తోటకు వెళ్ళరు కదా. మూడేళ్ళ కింద అన్నయ్యను మట్టి చేసిన రోజు నువ్వు ఇంట్లోనే ఉండి ఓట్స్ రొట్టెలు కాలుస్తున్నావు. నేను మాత్రం ఈ ఊరు వచ్చాక ఎన్నో చూశాను.

ఆ పెట్టె గోదాము కాదు వదినా. శవపేటిక. గోతిలోకి దించడానికి దానికి ఎనిమిది తాళ్ళుంటాయి. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి, అటు మూడు, ఇటు మూడు. ఎవరు ఏ తాడు పట్టుకోవాలో ముందుగానే అంకెలు వేసి చీటీలు ఇస్తారు. డూగల్డ్ అన్నయ్య తనను మట్టిలోకి దించవలసిన ఎనిమిదిమందిని తనే ఎంచుకున్నాడు. ఆ సీసా వాళ్ళ కోసం దాచాడు. దించినవాళ్ళకు సమాధుల తోట గోడ పక్కన తలా ఒక గుక్క పోయడం మన ఆచారం. నీకు చెబితే నీ మనసు నొచ్చుకుంటుందని చెప్పొద్దన్నాడు. అంతే. అంతకన్నా ఏమీ లేదు.

ఆ రోజు ఏం జరిగిందో టార్క్విల్ నాకు చెప్పాడు. నీకు చెప్పనని వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు, నేనేమీ పెట్టుకోలేదు.

పొద్దున్నే టార్క్విల్ కొట్టంలోంచి సీసా తీసి కోటులో పెట్టుకున్నాడట. మట్టి వేయడం అయ్యాక ఎనిమిదిమందీ గోడ చాటుకు చేరారు. మంచుతో కలిసి వాన కొడుతోంది. టార్క్విల్ సీసా బయటికి తీశాడు.

ఇన్నెస్ గారు అడిగారట: "మూసేసిన రోజుదా ఇది? డూగల్డ్ ఇంకా ఉంచాడా? మన సీసాలు ఆ వారంలోనే ఖాళీ అయ్యాయి కదరా!"

"డూగల్డ్ తాగే మనిషా? తియ్యి, వేళ్ళు గడ్డకట్టాయి" అన్నాడు ఎడమవైపు తాడు పట్టుకున్న రూరీ.

"ఆగు" అన్నారట ఇన్నెస్ గారు. "లోకంలో ఇలాంటిది ఇంకొకటి ఉంటుందని నేననుకోను. దీని ధర ఏటేటా పెరుగుతుంది. ఎఫీకి ఏముంది? వితంతు పింఛను, ఆ పాత ఇల్లు."

"డూగల్డ్ మనకే ఇచ్చాడయ్యా. చీటీ రాసి మరీ ఇచ్చాడు."

"మనకిచ్చాడు గనక మనిష్టం. తాగుదామా, ఉంచుదామా?"

ఆ చలిలో, ఆ మగవాళ్ళు వదినా, సీసా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకున్నారు. ఒక్కొక్కరూ కాసేపు పట్టుకుని, లక్క కదపకుండా పక్కవాడికి ఇచ్చారు. తిరిగి తిరిగి టార్క్విల్ చేతికే వచ్చింది. "పదండి. ఎఫీ ఇంట్లో టీ ఉంటుంది" అన్నాడు రూరీ. టార్క్విల్ సీసాను మళ్ళీ ఆ పెట్టె అడుగునే పెట్టేశాడు. నీకు చెబితే వెంటనే సీసా వాళ్ళ చేతుల్లో పెట్టేస్తావని తెలిసి, చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. నీకు అవసరం వచ్చినప్పుడు ఏదో వంకతో నీ కంటబడేలా చూడాలనుకున్నారు. తుఫాను తరవాత టార్క్విల్ నాకు రాశాడు. పెనం ఆ వంకే. నాకు రొట్టెలు కాల్చడం ఎప్పుడొచ్చింది గనక?

ఇక దొంగతనం మాట. ఆ ఆఖరి రోజున ఇన్నెస్ గారే పీపా తెరిపించి, దానికి సుంకం కట్టించుకుని, పనివాళ్ళకు తలా ఒక సీసా తన చేత్తో నింపి ఇచ్చారు. ఆ రసీదు పుస్తకం ఇంకా ఆయన బల్ల సొరుగులోనే ఉందట. నీకు ముఖం చూపించలేక పాలు పొంగుతున్నాయని పారిపోయినందుకు సిగ్గుపడుతున్నాను, క్షమించమనండి అని నాకు రాశారు.

మా అన్నయ్య చెయ్యి ఎలాంటిదో నీకు తెలిసిన చెయ్యే వదినా. ఆదివారం బల్లకు వెళ్ళు.

రోనా

ద్రుమ్‌నావ్
9 మార్చి 1998

నా రోనాకు,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. గుమ్మంలో నిలబడే చదివాను. చదివి కొట్టంలోకి వెళ్ళి, ఆ చేపల చొక్కా ముఖానికి అదుముకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళు పక్కన బతికిన మనిషిని రెండు మాటల చీటీ చూసి అనుమానించాను. ఆయన నన్ను నొప్పించకూడదని దాచాడు. నేనేమో దాచాడని నొచ్చుకున్నాను. ప్రభువును క్షమించమని అడిగాను. ఆయనను కూడా అడిగాను. అలా అడగడం మా సంఘం పద్ధతి కాదని తెలుసు, అయినా అడిగాను.

ఆదివారం బల్లకు వెళ్ళాను. ఇన్నెస్ గారు వెనక వరసలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. రొట్టె పళ్ళెం ఆయన చేతిలోంచి నా చేతికి వచ్చింది.

ఆ మంచువానలో వచ్చిన ఎనిమిదిమందీ తలా మూడు కప్పుల టీ తాగారు, రోనా. నా టీ అంత బాగుందేమో అనుకున్నాను.

ఇప్పుడు నాకు కష్టమైన పని మిగిలింది. ఆ సీసా వాళ్ళది. వాళ్ళు నాకు ఇచ్చారు. ఎలా పుచ్చుకోవాలి? పొద్దున టార్క్విల్ దగ్గరికి వెళ్ళి ఇదే అడిగాను.

"వదినా, ఎనిమిదిమంది మగవాళ్ళం మూడేళ్ళు దాహం ఆపుకున్నాం" అన్నాడు. "ఐలే చరిత్రలో ఇలాంటిది జరగలేదు. ఇప్పుడు నువ్వు వద్దంటే మేం ఎందుకు ఆపుకున్నట్టు? నవ్వుతారు మమ్మల్ని."

తలవంచుకుని సరేనన్నాను. అతను బుట్టలోకి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ చెవులు ఎర్రబడ్డాయి. మంచి మనిషి, రోనా. అతను ఇక అడగడు. ఆ సంగతి నువ్వే ఆలోచించుకో.

సీసా, రసీదు పుస్తకంలో కాగితం గురువారం పడవలో అతని చేతే పంపుతున్నాను. నిటారుగా పట్టుకు రమ్మన్నాను.

ఎఫీ

గ్లాస్గో
21 మే 1998

వదినా,

సీసాను అతను ఒళ్ళో పెట్టుకుని, రైల్లో కూడా నిద్రపోకుండా, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. రెండు రోజులున్నాడు. సినిమాకు తీసుకెళ్ళాను. అంతకన్నా ఏమీ అడక్కు.

ఈరోజు వేలం అయింది. ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను, టీ ఎవరికి ఇవ్వాలో మరిచిపోయాను. ఎనిమిది వందల దగ్గర మొదలైంది. హాలండు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఫోనులో ఇంకెవరో ఒకరికొకరు తగ్గకుండా పెంచుకుంటూ పోయారు. రెండు వేల ఏడువందల దగ్గర సుత్తి పడింది. నా ట్రే కూడా పడింది. కప్పుల ఖరీదు పెట్‌గ్రూ గారు అడగలేదు.

ఒక సంగతి నీతో చెప్పకుండానే చేశాను. వేలానికి ముందు పెట్‌గ్రూ గారు చీటీ చూసి, "ఇది సీసాకే ఉంటే ఇంకో మూడు నాలుగు వందలు ఎక్కువ పలుకుతుంది. కొనేవాళ్ళకు ఇలాంటి కథ కావాలి" అన్నాడు. నేను దారం విప్పి చీటీ జేబులో వేసుకున్నాను.

"ఏమిటది?" అన్నాడు.

"కథ అమ్మకానికి లేదండీ" అన్నాను.

ఇందులో పెట్టి పంపుతున్నాను. నీ మూడొందలు పోగొట్టాను, తిట్టాలంటే తిట్టు.

రోనా

ద్రుమ్‌నావ్
2 జూన్ 1998

ప్రియమైన రోనాకు,

తిట్టను. చీటీ నా బైబిల్లో ఉంది.

డబ్బు అందింది. నిన్న నేను చేసిన పని పాస్టరమ్మ గారి నోట నువ్వు వినేలోగా నేనే చెబుతాను. డోనల్డా కొట్టుకు వెళ్ళి, విస్కీ సీసాలుండే వరసలో నిలబడ్డాను.

"ఎఫీ, దారి తప్పావు, బిస్కెట్లు అటు" అంది డోనల్డా.

"తప్పలేదు. ఒక సీసా ఇవ్వు."

"ఏ రకం?"

"సమాధుల తోటలో మగవాళ్ళు తాగే రకం."

నా వెనకే పాస్టరమ్మ గారు వెన్న పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూశారు, సీసాను చూశారు. "డోనల్డా, ఆ జున్ను కూడా ఇవ్వు ఆవిడకి. ఉత్త కడుపుతో తాగకూడదు" అన్నారు. డబ్బులు ఆవిడే ఇచ్చారు. నేను వద్దనబోయి ఆగాను.

అందరికీ కబురు పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి సమాధుల తోట గోడ దగ్గర కలిశాం. ఎండగా ఉంది, గాలి కూడా లేదు. వాళ్ళు మంచి కోట్లు వేసుకుని వచ్చారు. నేను ఇంటి నుంచి టీ కప్పులే తీసుకెళ్ళాను, వేరే గ్లాసులు మా ఇంట్లో లేవు కదా. ఎంత పోయాలో తెలియక టీ పోసినట్టు నిండా పోసేశాను.

టార్క్విల్ కప్పులోకి చూసి, "వదినా, ఇలా పోస్తే ఇక్కడే ఇంకో ఏడు గోతులు తవ్వాలి" అన్నాడు.

"తవ్వేవాడివి నువ్వే కదా. నీది ముందు తవ్వుకుని తాగు" అన్నారు ఇన్నెస్ గారు.

ఏడుగురే ఉన్నారు. రూరీ కిందటి శరదృతువులో పోయాడు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఎక్కువ మాటలు కావు. మూడేళ్ళు ఆలస్యమైందనీ, ఆ రోజు వాళ్ళు వదులుకున్న గుక్క నా నెత్తి మీద కప్పయిందనీ చెప్పాను. వాళ్ళు టోపీలు తీసి నేలవైపు చూశారు. తరవాత తాగారు. కాసేపటికి నేనడిగాను, ఆ రోజు మీరు ఎలా నిలబడ్డారో నాకు చూపిస్తారా అని. మాట బయటికి వచ్చాక సిగ్గేసింది. కాని ఎవరూ వింతగా చూడలేదు.

మీ అన్నయ్య సమాధి చుట్టూ వెళ్ళి నిలబడ్డారు. తలవైపు ఒకరు, కాళ్ళవైపు ఒకరు, పక్కలకు తక్కినవాళ్ళు. చేతులు ముందుకు చాపి, లేని తాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా కిందికి వదిలారు. "ఇంత నెమ్మదిగానా?" అన్నాను. "ఇంతకన్నా నెమ్మదిగా. డూగల్డ్‌కి తొందరంటే పడదు కదా" అన్నాడు టార్క్విల్.

ఎడమ పక్కన మూడో చోటు ఖాళీగా ఉంది. అది రూరీది. ఇన్నెస్ గారు నావైపు చూసి, "రండి అమ్మా" అన్నారు.

వెళ్ళి నిలబడ్డాను, రోనా. నేనూ చేతులు చాపాను. వాళ్ళతో పాటు వదిలాను.

తరవాత కప్పులు కడిగి బుట్టలో పెట్టుకుంటూ ఉంటే, వచ్చే సోమవారం పలకరాళ్ళు పడవలో వస్తాయని, తామంతా వచ్చి పైకి ఎక్కిస్తామని అన్నారు. మేస్త్రీ ఉన్నాడు కదా అనబోయాను.

రమ్మన్నాను.

ప్రేమతో
ఎఫీ